లోగోడలకు తొడుగు: కాంపోజిట్ పలకలా, ఫైబర్‌బోర్డా?

గోడకు తొడుగు వేయడం మన నగరానికి కొత్త విద్య కాదు. పత్తర్‌గట్టి సమీపాన ఉన్న బాద్‌షాహీ ఆషూర్‌ఖానా లోపలి గోడలను చూచినవారికి ఈ సంగతి విదితమే. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా ఏలుబడిలో, 1611 నాటికి, ఆ గోడలకు రంగురంగుల మెరుగుపలకలు తాపడం చేశారు. నాలుగు శతాబ్దాలు గడచినా ఆ నీలము, ఆ పసుపు నేటికీ కన్నులకు పండుగ చేస్తున్నాయి. అయితే 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి పట్టణాన్ని ముంచెత్తినపుడు ఆ తాపడంలో దిగువభాగం దెబ్బతిన్నది. కాల్చిన మట్టిపలకకే వరదనీరు అంత పని చేయగలిగితే, రంపపుపొట్టుతోను, ప్లాస్టిక్‌తోను చేసిన నేటి పలకల సంగతి ఏమిటి? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఆ విషయమే.

నేడు పాతనగరంలో కొత్తగా అమర్చిన దుకాణమైనా, వైద్యుని గదియైనా, పెండ్లికి ముస్తాబు చేసిన దీవాన్‌ఖానాయైనా సున్నపుగోడ కనబడడం అరుదైనది. గోడ మీద గాళ్ళుగాళ్ళుగా నిలువు పలకలు, వాటి మధ్య సన్నని దీపాల వరుస – ఇదే వాడుకగా మారినది. కళాశాలల గ్రంథాలయాలు, సభామందిరాలు కూడ ఈ దారినే పోతున్నాయి. దుకాణానికి పోయి అడిగితే అమ్మకందారు సాధారణంగా రెండు మార్గాలు చూపుతాడు: ఒకటి ఫైబర్‌బోర్డు, రెండవది కాంపోజిట్. మొదటిది చవక, రెండవది నీటికి చెడదు అని రెండు ముక్కలలో తేల్చివేస్తాడు. ఆ రెండు ముక్కలూ అబద్ధం కావు. కాని వాటిని నమ్మి ఒక గదికి తొడుగు వేసే ముందు తెలుసుకోవలసినవి మరికొన్ని కలవు. మన విద్యార్థులలో అనేకులు క్రింద దుకాణం, పైన కాపురం ఉన్న ఇండ్లనుండి వచ్చేవారే గనుక, ఇది కేవలం అలంకారానికి సంబంధించిన చర్చ కాదు.

మొదట ఫైబర్‌బోర్డు పుట్టుక చూద్దాం. 1924లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో విలియం మేసన్ అనే ఇంజనీరు, కోతమిల్లులలో పారవేసే చెక్కముక్కలను ఆవిరి ఒత్తిడితో పేల్చి, నారగా విడదీసి, ఆ నారను వేడిమీద అదిమి గట్టిపలక చేశాడు. దాని పేరు మేసనైట్. ఆ పలకలో చెక్కలోని సహజమైన జిగటయే నారను పట్టి ఉంచేది. 1960 తరువాతి దశకంలో వెలువడిన మధ్యసాంద్రత ఫైబర్‌బోర్డు – వాడుకలో ఎం.డి.ఎఫ్. – ఇందుకు భిన్నం. చెక్కను చిన్న తునకలు చేసి, ఆవిరిలో ఉడికించి, తిరుగుడు పళ్ళెముల మధ్య దూదివలె ఏకి, దానికి కొద్దిగా మైనము, నూటికి పదిపాళ్ళకు అటు ఇటుగా కృత్రిమ జిగురు చేర్చి, వేడియంత్రంలో అదుముతారు. ఘనమీటరుకు 600 నుండి 800 కిలోల బరువు తూగే పలక తయారవుతుంది. దీనికి అడవిచెట్టు అవసరం లేదు. జామాయిల్, సుబాబుల్, సరుగుడు వంటి తోటకర్ర చాలును. 2018లో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాళహస్తి సమీపాన గ్రీన్‌ప్యానెల్ వారి పెద్ద కర్మాగారం పని ప్రారంభించినది. టేకు కొనలేని ఇంటికి నున్నని, ముడి లేని, ఎటు కోసినా ఒకే తీరుగా తెగే పలక అందినదంటే అది ఈ రైతుల కర్రవలననే. ఈ మేలును కాదనడం న్యాయం కాదు.

ఇక కాంపోజిట్ అనే మాట. ఈ మాటకు మిశ్రమపదార్థం అని తప్ప వేరే అర్థం లేదు. రెండు లేక అంతకు మించిన పదార్థాలను కలిపి, విడివిడిగా వాటికి లేని గుణాన్ని సాధించినది ఏదైనా కాంపోజిటే. ఆ లెక్కన ఫైబర్‌బోర్డు కూడ కాంపోజిటే! అంగడిలో మాత్రం ఈ పేరుతో మూడు వేర్వేరు సరుకులు అమ్ముడవుతున్నాయి. ఒకటి, చెక్కపొడిని పి.వి.సి. వంటి ప్లాస్టిక్‌లో కలిపి, అచ్చుగుండా సాగదీసి చేసిన గాళ్ళపలక, దీనిని డబ్ల్యు.పి.సి. అంటారు. రెండవది, రెండు పలుచని అల్యూమినియం రేకుల నడుమ ప్లాస్టిక్ పొర పెట్టిన ఎ.సి.పి. మూడవది మన వారికి అంతగా పరిచయం లేనిది, కాని మన ప్రాంతంలోనే తయారయ్యేది. కృష్ణానదీ తీరాన, నేటి సూర్యాపేట జిల్లాలోని మట్టపల్లి వద్ద, ఎన్.సి.ఎల్. సంస్థ సిమెంటుతో పాటు బైసన్ ప్యానెల్ అనే పలకను తయారు చేస్తున్నది. అందులో చెక్కతునకలను పట్టి ఉంచేది సిమెంటు. పలక బరువులో మూడింట రెండు వంతులకు దగ్గరగా సిమెంటే ఉంటుంది. ఈ మూడింటిని ఒకే పేరుతో పిలవడం గుఱ్ఱాన్ని, గాడిదను, ఒంటెను కలిపి “సవారీ” అని అమ్మడం వంటిది.

కాబట్టి అంగడిలో అడగవలసిన మొదటి ప్రశ్న “కాంపోజిటా, ఫైబరా” అనేది కాదని మా అభిప్రాయం. “దీనిని పట్టి ఉంచే జిగురు ఏది?” అని అడగవలెను. చెక్క అన్నిటిలోను కొద్దో గొప్పో ఉన్నది. పలక నీటిలో ఏమవుతుంది, నిప్పులో ఏమవుతుంది, మూసిన గదిలో మనచేత ఏమి పీల్పిస్తుంది – ఈ మూడూ ప్రధానంగా ఆ జిగురును బట్టియే ఉంటాయి.

నీటి సంగతి ముందు చూద్దాం. ఎం.డి.ఎఫ్.లో సామాన్యంగా వాడే యూరియా–ఫార్మాల్డిహైడ్ జిగురు నీటితో నెమ్మదిగా విడిపోయే స్వభావం కలది. పైగా యంత్రం క్రింద బలవంతంగా అణచిన చెక్కనార నీరు తగలగానే మునుపటి పరిమాణానికి రాజూస్తుంది. అందుచేత పలక అంచున తడి చేరితే ఆ అంచు రొట్టెవలె పొంగుతుంది. తరువాత ఎండబెట్టినా తిరిగి అణగదు. ఈ లోపాన్ని తగ్గించడానికి యూరియాతో మెలమైన్ చేర్చిన జిగురు వాడి, సాంద్రత పెంచి చేసిన రకాలు కూడ ఉన్నాయి, హెచ్.డి.హెచ్.ఎం.ఆర్. అనే పేరుతో దొరికేవి అట్టివే. కొన్ని తేమనిరోధక పలకల లోపల ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది. ఆ రంగును చూపి అమ్మకందారు నీళ్ళకు భయం లేదంటాడు. రంగు కేవలం గుర్తింపు కొరకు కలిపినది. నీటిని ఆపేది జిగురే గాని రంగు కాదు. పైగా తేమనిరోధకము వేరు, జలనిరోధకము వేరు. స్నానాల గది ప్రక్కగోడ మొదటి దానికి లోబడవచ్చును గాని, నిలిచిన నీటికి ఏ ఫైబర్‌బోర్డూ తాళదు.

మన పాతనగరంలో నీరు మూడు త్రోవల వస్తుంది. ఒకటి వరద. 2020 అక్టోబరు వర్షాలలో ఫలక్‌నుమా దిగువనున్న అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ మొదలగు చోట్ల ఇండ్లు నీట మునిగిన విషయం మరువరానిది. అట్టి పేటలలో నేలగదికి ఎం.డి.ఎఫ్. తొడుగు వేయడం డబ్బును చెరువులో వేయడమే. రెండవది మిద్దె నుండి గోడవెంట దిగే కారుడు. మూడవది అన్నిటికన్న మోసకరమైనది: నేలనుండి గోడలోనికి ఎక్కే చెమ్మ. ఉర్దూలో దీనిని సీలన్ అంటారు. పాత దేవిడీల గోడలు రాతితోను, ఇటుకతోను, డంగుసున్నంతోను కట్టినవి. పునాదిలో నేటివలె తేమను అడ్డగించే పొర వాటికి లేదు. నేలలోని నీరు దీపపువత్తిలో నూనె ఎక్కినట్లు గోడలోనికి ఎక్కుతుంది. అయినా ఆ ఇండ్లు తరతరాలు నిలిచినాయి. కారణం సున్నపు పూత. బెల్లము, కరక్కాయ నానబెట్టిన నీటితో కలిపి రుబ్బిన ఆ సున్నము ఎక్కిన చెమ్మను లోపల దాచుకొనదు. ఎండ తగిలినపుడు, గాలి తగిలినపుడు గదిలోనికి, బయటికి వదలివేస్తుంది. గోడ ఊపిరి తీస్తుందని పాత మేస్త్రీలు అనేవారు. ఆ మాటలో శాస్త్రం ఉన్నది.

ఇట్టి గోడమీద ప్లాస్టిక్ పలకను అతికితే ఏమవుతుంది? పలకకు ఏమీ కాదు. గోడకు అవుతుంది. చెమ్మ వెలువడే దారి మూసుకొనిపోయి, మరికొంత పైకి ఎక్కుతుంది. దానితోపాటు వచ్చిన లవణాలు పలక వెనుక తెల్లగా పూస్తాయి, సున్నము పొడియై రాలుతుంది, బూజు పట్టుతుంది. పలకను బిగించిన చెక్క రీపర్లకు చెదలు పట్టుతాయి. “ఇది ప్లాస్టిక్, చెద ముట్టదు” అన్న మాట పలక వరకు నిజమే. వెనుకనున్న రీపరు ప్లాస్టిక్ కాదు గదా. అంతా పలక మాటున జరుగుతుంది గనుక ఇంటివారికి వాసన తప్ప మరేమీ తెలియదు. నిజానికి ఈ విషయంలో ఎం.డి.ఎఫ్. కొంత నయమనవలెను. అది త్వరగా ఉబ్బి, గోడలో చెమ్మ ఉన్నదని ముందే చాటుతుంది! వినడానికి ఇది పరిహాసంగా తోచినా, లోపాన్ని దాచే పదార్థం కన్న లోపాన్ని చూపే పదార్థమే మేలని ఇంజనీరింగు చదివేవారు గ్రహించవలసి ఉన్నది.

తరువాత ఊపిరి సంగతి. యూరియా–ఫార్మాల్డిహైడ్ జిగురు పూర్తిగా గట్టిపడిన తరువాత కూడ కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్ వాయువును వదలుతూ ఉంటుంది. కన్నులు మండడం, గొంతు గరగరలాడడం దాని తొలి గుర్తులు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో దీనిని మనుష్యులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చినది. గదిగాలిలో అరగంట సగటున ఘనమీటరుకు 0.1 మిల్లీగ్రామునకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010లో సూచించినది. వేడి పెరిగినకొద్దీ, తేమ పెరిగినకొద్దీ ఈ వాయువు ఎక్కువగా వెలువడుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండలు, కిటికీ ఒకటే ఉన్న మన గదులు తలచుకొంటే దీనిని తేలికగా తీసివేయరాదు.

విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క కట్టవచ్చును. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గది నాలుగు గోడలూ కలిసి 440 చదరపుటడుగులు. ఎనిమిదడుగులకు నాలుగడుగుల పలకలు 14 కావలెను. 12 మిల్లీమీటర్ల మందము, ఘనమీటరుకు 750 కిలోల సాంద్రత అనుకొంటే ఒక్కొక్క పలక 27 కిలోలు, మొత్తం 375 కిలోలు. అందులో నూటికి పదిపాళ్ళు జిగురనుకొంటే, 37 కిలోల జిగురును మనము గదిలో పెట్టుకొని తలుపు వేసుకొని నిద్రిస్తున్నామన్నమాట. ఇది భయపెట్టడానికి చెప్పినది కాదు. ఇ–1, ఇ–0 అనే గుర్తుల పలకలలో వెలువడే వాయువు చాల తక్కువ. పలక రెండు ముఖాలకు పొర అంటించి, అన్ని అంచులకు పట్టీ వేస్తే ఇంకను తగ్గుతుంది. కాలం గడచినకొద్దీ కూడ తగ్గుతుంది. కాని మన వడ్రంగులు కనబడే అంచుకు పట్టీ వేసి, గోడవైపు అంచును, స్విచ్చిపెట్టె కొరకు కోసిన రంధ్రాన్ని పచ్చిగానే వదలుతారు. తేమ లోనికి పోయేది అచ్చటనే, వాయువు వెలికి వచ్చేది అచ్చటనే.

పలకను కోసే వడ్రంగి ఊపిరిని గురించి ఎవరూ అడగరు. ఎం.డి.ఎఫ్. కోసినపుడు లేచే ధూళి మామూలు రంపపుపొట్టువలె నేలపై పడదు, పిండివలె గాలిలో తేలుతుంది. కిటికీలు మూసిన గదిలో రోజంతా యంత్రపు రంపం నడిపే కుర్రవాడు మూతికి ఒక చేతిరుమాలు కట్టుకొని పని కానిస్తాడు. కోత బయట వరండాలో చేయించడం, తగిన ముసుగు ఇప్పించడం పని చెప్పినవారికి పెద్ద ఖర్చు కాదు. కొలతలు ఇచ్చి దుకాణంలోనే కోయించుకొంటే మరీ మంచిది.

ఇక నిప్పు. ఈ భాగాన్ని మేము కొంత విస్తరించి వ్రాయుటకు కారణం పాఠకులకు తెలిసినదే. 2025 మే 18వ తేదీ ఉదయం చార్మినారు చెంత గుల్జార్ హౌజ్ వద్ద, క్రింద దుకాణాలు, పైన నివాసం ఉన్న ఒక పాత భవనంలో నిప్పు పుట్టి, ఒకే కుటుంబానికి చెందిన 17 మంది మరణించారు. వారిలో 8 మంది పిల్లలు. భవనంలోనికి పోవడానికి, రావడానికి ఉన్నది ఇరుకైన దారి, సన్నని మెట్లు. అంతకు ముందు, 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ సముదాయంలో ఆరుగురు యువతీయువకులు పొగలో ఊపిరాడక చనిపోయారు. ఈ దుర్ఘటనలకు గోడపలకలే కారణమని మేము అనడం లేదు. మేము అనేది ఒక్కటే: ఒకే మెట్లదారి ఉన్న ఇంటిలో మనిషిని మంట చేరేలోపుననే పొగ చేరుతుంది. అట్టి ఇంటి గోడలకు మనము ఎన్ని కిలోల పొగను ముందుగానే బిగించి ఉంచుతున్నామో లెక్క చూచుకొనవలెను.

పై గదినే తీసికొందాం. చెక్కపలక కిలో ఒకటికి సుమారు 17 మెగాజౌళ్ళ ఉష్ణశక్తి కలదు. 375 కిలోలకు 6,400 మెగాజౌళ్ళకు దగ్గర. కిరసనాయిలులో కిలోకు 43 మెగాజౌళ్ళు గనుక, ఇది దాదాపు 185 లీటర్ల కిరసనాయిలుకు సమానం. ఒక పీపాకు కొంచెం తక్కువ! అదే గదికి నాలుగు మిల్లీమీటర్ల ఎ.సి.పి. వేశామనుకొందాం. చూపులకు అది లోహం. కాని రేకులు ఇరువైపులా పావు మిల్లీమీటరు చొప్పున పోగా, నడుమ మూడున్నర మిల్లీమీటర్లు పాలిథీన్ అయితే, ఆ గదిలో సుమారు 130 కిలోల పాలిథీన్ చేరుతుంది. పాలిథీన్ ఉష్ణశక్తి కిరసనాయిలుకు ఏమాత్రం తీసిపోదు. అనగా మూడోవంతు మందం గల పలక ఇంచుమించు అంతే వేడిని దాచుకొన్నది. ఇందులో ఒక భేదాన్ని మరువరాదు. చెక్క కాలేటపుడు పైన బొగ్గుపొర కట్టి లోపలి భాగాన్ని కొంతసేపు కాపాడుతుంది. పాలిథీన్ కరగి, మండుతూ, బొట్లుబొట్లుగా కారి క్రిందనున్న వస్తువులను అంటిస్తుంది. 2017 జూన్ 14న లండను నగరంలో గ్రెన్‌ఫెల్ టవర్ అనే భవనపు వెలుపలి గోడలకు వేసిన పాలిథీన్ ఎ.సి.పి. మంటను పై అంతస్తుల దాకా ఎక్కించి 72 మంది మరణానికి కారణమైనది. లోహపు రేకును చూచి నిశ్చింతగా ఉండరాదని చెప్పడానికి ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు. ఇదే ఎ.సి.పి.లో ఖనిజపుపొడి నింపిన నిప్పునిరోధక రకము వేరుగా కలదు. ధర ఎక్కువ, అడిగేవారు తక్కువ.

పి.వి.సి. కలిసిన డబ్ల్యు.పి.సి. సంగతి విచిత్రమైనది. అది సులభంగా అంటుకొనదు, నిప్పు తొలగిస్తే తనంత తానే ఆరుతుంది. అమ్మకందారు అగ్గిపుల్ల గీచి చూపేది ఈ గుణాన్నే. కాని గది మొత్తం అంటుకొన్నపుడు ఆ పలకకు కాలక తప్పదు. రసాయనశాస్త్రం చదివేవారు దాని సూత్రం వ్రాసి చూడవచ్చును. పి.వి.సి. బరువులో నూటికి 57 పాళ్ళు క్లోరిన్. కాలినపుడు అది హైడ్రోజన్ క్లోరైడుగా వెలువడుతుంది. ఒక కిలో శుద్ధ పి.వి.సి. నుండి గరిష్ఠంగా 580 గ్రాములదాకా. కంటి తడి, ఊపిరితిత్తుల తడి తగిలి అది ఆమ్లమవుతుంది. పలకలో కలిపిన సుద్దపొడి కొంత భాగాన్ని పీల్చుకొన్నప్పటికీ, మిగిలినది చాలును, మెట్లు కనబడకుండ కన్నులు మూసివేయడానికి. కార్బన్ మోనాక్సైడ్ అనే ప్రాణాంతక వాయువు చెక్క, ప్లాస్టిక్ అన్నిటినుండీ వచ్చేదే. చార్‌కోల్ పలకలనే పేరుతో అమ్మేవాటిలో పాలీస్టైరీన్‌తో చేసినవి ఉన్నాయి. అది నల్లని దట్టమైన పొగతో మండే పదార్థం. పేరులో బొగ్గున్నది గదా అని మోసపోరాదు.

పలక వెనుకనున్న ఖాళీ మరొక ప్రమాదం. రీపర్లమీద బిగించిన పలకకు, గోడకు నడుమ అంగుళం సందు ఉంటుంది. విద్యుత్ తీగలను ఆ సందులోనే, గొట్టము లేకుండ, అతుకులు పెట్టి లాగుతారు. ఒక అతుకు వేడెక్కితే మంట కనబడకముందే సందుగుండా పైకి ప్రాకుతుంది. సందు పొగగొట్టంవలె పనిచేస్తుంది. తీగలన్నిటికి గొట్టము వేయించడం, అతుకులను పెట్టెలలోనే ఉంచడం, రీపర్ల మధ్య అడ్డపట్టీలు వేసి ఆ సందును గదులుగదులుగా విడగొట్టడం – ఏ పలక కొన్నా చేయించవలసిన పనులివి. పని పూర్తయినపిదప వీటిని చూచేందుకు వీలుండదు గనుక పలక బిగించక మునుపే ఒకరు నిలిచి చూడవలెను.

2016 నాటి జాతీయ భవన నిర్మాణ సంహిత నాలుగవ భాగం, గోడల మీద మంట ఎంత త్వరగా ప్రాకునో పరీక్షించి పదార్థాలను నాలుగు తరగతులుగా విభజించినది. మొదటి తరగతి పదార్థాలను ఎక్కడనైనా వాడవచ్చును. రెండవ తరగతి వాటినే మెట్లదారిలోను, నడవాలలోను వాడరాదు. మూడవ తరగతి వాటిని నివాసపు గదులకు, పడకగదులకు మాత్రం, అదియు గట్టిగోడకు తొడుగుగా మాత్రమే అనుమతించినది. శుద్ధి చేయని మామూలు చెక్క, చెక్కపలకలు సాధారణంగా ఈ మూడవ తరగతికి చెందుతాయి. కాని మన నగరంలో చూడండి: వచ్చే అతిథికి మొదట కనబడేది మెట్లదారి గనుక అలంకారమంతా అక్కడనే మొదలవుతుంది. ఈ ఒక్క విషయంలో మాకు సందేహం లేదు. మెట్లదారికి, వాకిటి నడవాకు ఎం.డి.ఎఫ్. వద్దు, ప్లాస్టిక్ కాంపోజిట్ వద్దు, ఎ.సి.పి. వద్దు. సున్నము కొట్టించి శుభ్రంగా ఉంచడం చాలును. తొడుగు తప్పదనుకొంటే సిమెంటు పలక, లేదా జిప్సమ్ పలక.

మిగిలిన గదులకు మా తీర్పు ఇట్లున్నది. పై అంతస్తులో, పొడిగోడ ఉన్న చదువుకొనే గదికి, సభామందిరానికి మంచి ఎం.డి.ఎఫ్. తగినది. ముఖ్యంగా సభామందిరంలో మాట ప్రతిధ్వనించి చెడుతున్నపుడు, సన్నని చాళ్ళు, రంధ్రాలు కోసిన ఎం.డి.ఎఫ్. పలక వెనుక రాతిఉన్ని పెడితే ధ్వనిని పీల్చుకొంటుంది; నున్నని ప్లాస్టిక్, లోహపు పలకలు ధ్వనిని తిరగగొట్టుతాయి. పదిమంది కూర్చునే చోటు గనుక నిప్పునిరోధక శుద్ధి చేసిన రకమే అడగవలెను. పలకను నేలకు ఆనించక నాలుగంగుళాలు ఎత్తి, క్రింద రాతిపట్టీ వేయించవలెను. నేల కడిగిన నీరు అంచుకు తగలదు. స్నానాల గది వెలుపలి గోడకు, చేతులు కడిగే తొట్టి వెనుకకు డబ్ల్యు.పి.సి. వాడవచ్చును, అయితే ఆ గది నుండి బయటకు సరాసరి దారి ఉన్నపుడే. ఎండకు కాగే మిద్దెగదిలో ప్లాస్టిక్ పలక వ్యాకోచిస్తుంది గనుక చివరలలో సందు వదలక బిగిస్తే మధ్యలో ఉబికి వస్తుంది. వంటగదిలో పొయ్యి వెనుక ఈ రెండూ పనికిరావు. అక్కడ రాయి, పింగాణీ పలకలకు సాటి లేదు. వరద చేరే పేటలలో నేలగదికి, దుకాణానికి సిమెంటు పలకయే మేలు. అది బరువైనది, కోయడం శ్రమ, చెక్కకున్న నునుపు దానికి లేదు, లప్పము, రంగు రెండుమారులు వేయవలసి ఉంటుంది. ఇన్ని కష్టాలు చెప్పి వడ్రంగి వద్దంటాడు. అయినా నీటిలో ఉబ్బనిది, నిప్పుకు సులభంగా లొంగనిది, చెద తిననిది ఈ మూటిలో అదొక్కటే.

పాత దేవిడీలకు, డంగుసున్నపు గోడలకు ఏ తొడుగూ వేయవద్దని మా మనవి. చెమ్మ ఎక్కిన గోడను కప్పడానికి పెట్టే ధనంతో ముందు గోడ చెంత నిలిచే నీటికి దారి తీయించి, కారే గొట్టం మార్పించి, రాలిన మేర సిమెంటు కాక సున్నముతోనే పూత వేయించవలెను. సిమెంటు పూత కూడ ప్లాస్టిక్ పలకవలెనే ఆ గోడ నోరు మూయును. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్న మాట నిజమే గాని పూర్తిగా లేకపోలేదు.

కళాశాల సంఘంవారు ధరలు పిలిచేటపుడు “ఎం.డి.ఎఫ్. ప్యానెల్” అని మాత్రం వ్రాయక, భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 12406 గుర్తు, ఇ–1 లేక అంతకు మించిన తరగతి, అగ్నిపరీక్ష పత్రము అని స్పష్టంగా వ్రాయవలసి ఉన్నది. సిమెంటు పలకకు ఐ.ఎస్. 14276, జిప్సమ్ పలకకు ఐ.ఎస్. 2095. కాంపోజిట్ అని ఎవరైనా ధర పంపితే, అది ఏ ప్లాస్టిక్, అల్యూమినియం రేకు మందమెంత, నడిమి పొర ఏది అని తిరిగి అడగవలెను. జవాబు రాని సరుకును ప్రక్కన పెట్టడమే.

విద్యార్థులకు ఒక ప్రయోగం. ఏ దుకాణంలోనైనా అడిగితే పలకల తుంటలు ఊరకే ఇస్తారు. ఎం.డి.ఎఫ్., ఆకుపచ్చ ఎం.డి.ఎఫ్., డబ్ల్యు.పి.సి., సిమెంటు పలక – ఒక్కొక్కదానినుండి రెండంగుళాల చతురస్రం కోయించుకొని రండి. స్క్రూగేజితో నాలుగు మూలల మందము కొలిచి, తూకము వేసి, 24 గంటలు నీటిలో మునిగి ఉండేటట్లు ఉంచి, తుడిచి మరల కొలవండి. పిమ్మట వారము దినములు నీడలో ఆరబెట్టి మూడవమారు కొలవండి. మొదటి కొలతకు, మూడవ కొలతకు ఉన్న తేడాయే పలక మనకు శాశ్వతంగా మిగిల్చే నష్టం. కాల్చి చూచే ప్రయోగం మాత్రం తరగతిలోగాని, ఇంటిలోగాని చేయరాదు. ప్లాస్టిక్ తుంటతో అసలే కూడదు. కొలతలను పట్టికగా వ్రాసి, తుంటల మీద రకము, కొన్న తేదీ గుర్తించి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో భద్రపరిస్తే, సంఘంవారు తరువాత పలకలు కొనేనాడు వాటిని బల్లమీద పెట్టి చూచుకొనవచ్చును.